గుంపు కనిపిస్తే మా పిన్ని

నలుగురు ఒకచోట పోగైతే చాలు, మా పిన్నికి ఒళ్ళు మండిపోతుంది. "ఎవరు పిలిచారు మిమ్మల్ని?" అంటూ మీద పడిపోతుంది. ఓ పెళ్ళిలో పెళ్ళికొడుకునే అలా అడిగిందని గిట్టనివాళ్ళు అంటారు. శుద్ధ అబద్ధం. అడిగింది అతని స్నేహితుల్ని.

ఆవిడ పని అలాంటిది మరి. పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి కీమోకైన్ల వెంట పడింది. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలితే అక్కడి కణాలు పంపే పిలుపులవి. అవి అందుకుని తెల్లకణాలు సాయానికి పరుగెత్తుకొస్తాయి.

"రావడం మంచిదేరా. కానీ ఒక్కోసారి పిలుపూ ఆగదు, వచ్చినవాళ్ళూ కదలరు! రక్తనాళాల గోడల్లో దూరతారు, కొవ్వులో కాపురం పెడతారు, కిడ్నీలో మచ్చలు కట్టిస్తారు. సాయానికొచ్చినవాళ్ళే ఇల్లు పీకి పందిరేస్తారు!" అనేది.

వీధిలో ఎవరైనా స్కూటరు మీంచి పడితే, "నువ్వుండు, నువ్వు నీళ్ళు తే, మిగతావాళ్ళు నడవండి!" అని అరిచేది. ఆ అరుపుకి పడినవాడు కూడా లేచి నడిచేవాడు.

ఇంతలో నాన్నకి షుగరు ముదిరింది, గుండె నీరసించింది, కిడ్నీలు మొరాయించాయి. ఆస్పత్రి నుంచి పంపిస్తూ, "విశ్రాంతి లేకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తారు" అన్నాడు డాక్టరు. నాన్న అక్క, మా పెద్దత్త, ఆ మాట విని కూడా చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. హాలు నిండిపోయింది. అమ్మ టీలు పెట్టి పెట్టి సోలిపోయింది. నాన్న దిండుకి ఆనుకుని, ఆయాసపడుతూ, వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ కథంతా నవ్వుతూ చెబుతున్నారు.

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చూసింది చాలు. లేవండి!"

"అదేం మాటమ్మా? వాడికి మూడు జబ్బులు. పలకరించకపోతే ఎలా?" అంది పెద్దత్త.

"ఆ మూడింటి వెనకా ఉన్నది ఇలాంటి గోలే వదినా. లోపలి గోల మందులు చూసుకుంటాయి, హాల్లో గోల నేను చూసుకుంటాను. ఈ ఇంటి కీమోకైన్ మీరే. ముందు ఆ ఫోను కింద పెట్టండి!"

"నన్నేదో తిట్టింది! ఈవిడ ఉన్నంతకాలం ఈ గడప తొక్కను!"

"తొక్కకండి. బావ కోలుకున్నాక వచ్చి నన్ను తన్నండి."

చుట్టాలు గొణుక్కుంటూ మెట్లు దిగిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దత్త చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి నాన్న పిలిచారు.

"అక్కా, ఆ అమ్మాయిని ఏమీ అనకు. పంపించెయ్యమని బతిమాలింది నేనే. కూర్చోలేకపోతున్నాను. మీ మొహాలు చూసి పొమ్మనలేక..."

పిన్ని గిరుక్కున తిరిగింది. "బావా! ఎవరికీ చెప్పొద్దన్నానా, లేదా?"

పెద్దత్త కళ్ళు తుడుచుకుంది. "నాతో ముందే ఓ మాట చెప్పొచ్చు కదే?"

"చెబితే అందరూ ఆయన్ని ఆడిపోసుకుంటారు. అసలే ఓపిక లేని మనిషి. నన్నంటారా, ఎలాగూ తిడుతూనే ఉన్నారు. ఇంకో నాలుగు పడితే నాకేం?"

పెద్దత్త ఫోను కట్టేసి సంచిలో పడేసింది. "అయితే తిట్టుకుంటూనే వెళ్తాను. నేను మెత్తబడ్డానని తెలిస్తే కిందవాళ్ళంతా మళ్ళీ పైకొస్తారు."

అన్నంత పనీ చేసింది. వీధి చివరిదాకా గొంతెత్తి పిన్నిని తిడుతూనే వెళ్ళింది. ఆ తిట్లు వింటూ వింటూ నాన్న నిద్రపోయారు.