గోడ మందం తొమ్మిది అంగుళాలు

పురపాలక కార్యాలయంలో అతన్ని అందరూ టేపు బాబాయి అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. ఇరవై ఆరేళ్లుగా అతని పని ఒకటే. ఎవరైనా గది పెంచినా, మెట్లు జరిపినా, ప్రహరీ లేపినా వెళ్లి కొలవాలి. కొలిచింది రాసి కింద సంతకం పెట్టాలి.

మనిషి పైకి గంభీరంగా ఉంటాడు గానీ లోపలంతా వెన్న. అంగుళమో, అంగుళమున్నరో తగ్గితే టేపును కాస్త వదులుగా పట్టుకునేవాడు. ఆకు కూడా కదలని రోజున సైతం "గాలికి ఊగిందండీ" అనేవాడు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునేవారు, అతను చెవి గోక్కుంటూ మెట్లు దిగిపోయేవాడు.

తర్వాత మేడల మీద సోలార్ పలకలు వచ్చాయి, వాటి వెనకే ఒక నిబంధన వచ్చింది. గాలి అంచుల దగ్గరే ఎక్కువగా ఎత్తేస్తుంది కనుక, కప్పు అంచు నుంచి మూడడుగులు వదిలి పలకలు బిగించాలి. మొదటి మేడ ఎక్కినప్పుడు బాబాయి టేపు కొక్కేన్ని పిట్టగోడ లోపలి వైపు తగిలించాడు. బయటి వైపు తగిలించాలంటే గోడ మీంచి వంగాలి, మూడంతస్తుల కింద వీధి కనిపిస్తుంది, కళ్లు తిరుగుతాయి. తప్పని ఎవరూ అనలేదు. అలా అదే అలవాటైపోయింది.

రెండు వీధుల అవతల అతని అక్క బట్టలు కుట్టేది. ముందు గదిలో మూడు మిషన్లు, సాయానికి ఇద్దరు ఆడపిల్లలు. మోకాళ్లు మొరాయించడం మొదలెట్టాక మూడింటికీ మోటార్లు పెట్టించింది. కానీ మధ్యాహ్నమైతే కరెంటు పోయేది. బడులు తెరిచే ముందు యూనిఫారాలు గుట్టలుగా పడేవి, మిషన్లు మూగనోము పట్టేవి. అందుకే మేడ మీద రెండు వరసలు, ఆరు పలకలు పెట్టించింది. వెనక నీళ్ల ట్యాంకు, మెట్ల గది ఉన్నాయి కాబట్టి ముందు వరస వీధి వైపుకి రాక తప్పలేదు.

కొలవడానికి బాబాయే వచ్చాడు. ఆరోజు చెవి గోక్కోలేదు. అక్క ఇల్లని వదిలేశాడని ఆఫీసులో ఎవరైనా అంటారేమోనన్న భయం అతన్ని కర్రలా బిగిసిపోయేలా చేసింది. టేపును తీగలా లాగి పట్టాడు.

"రెండడుగుల నాలుగంగుళాలు. ఎనిమిది అంగుళాలు తక్కువక్కా. ముందు వరస తీసెయ్యాలి."

అక్క గోడ మీద చెయ్యి వేసింది. "ఒరేయ్, ఈ గోడ మన ఇంటిది కాదా? దీన్నెందుకు వదిలేశావు? నేను జాకెట్టు కొలిస్తే అంచు మడత వదిలేసి కొలుస్తానా?"

"జాకెట్టూ మేడా ఒకటేనా? నీ కత్తెర జోలికి నేనొచ్చానా? నా టేపు జోలికి నువ్వు రాకు."

కింద ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. అక్క నవ్వలేదు. "పోనీ, ఇంకోసారి కొలిపించమని అర్జీ పెట్టుకుంటాను. పదిహేను రోజులు గడువుందటగా."

"పెట్టు. సొంత అక్కే నా కొలత తప్పందని ఆఫీసంతా నవ్వుతారు. ఇరవై ఆరేళ్ల నా పరువు గంగలో కలుపు."

నాలుగో రోజున అక్క ముందు వరస దింపించేసింది. మిగిలిన మూడు పలకలతో ఒక్క మిషనే తిరిగేది. మిగతా రెండింటి మోటార్ల బెల్టులు విప్పి, ఒకదాని మీద ఒక పిల్లని కూర్చోబెట్టి, రెండోదాన్ని ఆవిడే కాళ్లతో తొక్కింది. రెండేళ్లు తొక్కాక ఒక ఉదయం మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆడపిల్లలు వేరే దుకాణంలో చేరారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని చేత్తో చీరల అంచులు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది. తమ్ముడిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ మాట ఏదో అనేసి ఉంటే బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఈ ఏడాది ఆఫీసుకి కొత్త అధికారిణి వచ్చింది. వయసులో అతని కూతురంత ఉంటుంది. మొదటిసారి అతనితో మేడ ఎక్కినప్పుడు, అతను కొక్కెం తగిలించిన చోటు చూసి ఆగిపోయింది.

"బాబాయ్ గారూ, లోపలి నుంచి కొలుస్తున్నారేంటి? కప్పు అంచంటే గోడ బయటి ముఖం కదండీ. నిబంధనతో పాటు బొమ్మ కూడా ఇచ్చారు, మీరు చూళ్లేదా?"

బొమ్మ అతను చూడలేదు. నిబంధన కూడా ఎవరో చదివి చెబితే విన్నదే. "ఎన్నాళ్ల నుంచి ఇలా కొలుస్తున్నారు?" అని ఆమె మెల్లగానే అడిగింది. అతను టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

ఆరోజు అన్నం డబ్బా విప్పకుండానే అక్క ఇంటికి వెళ్లాడు. ఒక్కడే మేడ ఎక్కి, కళ్లు గట్టిగా మూసుకుని వంగి, కొక్కేన్ని గోడ బయటి వైపు తగిలించాడు. దింపేసిన వరస బోల్టులు తుప్పు పట్టి అక్కడే ఉన్నాయి. గోడ మందం తొమ్మిది అంగుళాలు. టేపు మూడడుగుల ఒక అంగుళం చూపించింది. వదులుగా పట్టుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

దిగి వచ్చి అక్క కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "అక్కా, ఆరోజు నువ్వన్నదే నిజం."

"నాకు తెలుసులేరా," అంది ఆవిడ, దారం కొరుకుతూ. బొత్తాల డబ్బా అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. పెట్టని అర్జీ. 'గోడ మందం కలపలేదు, దయచేసి మళ్లీ కొలిపించగలరు' అని వంకర అక్షరాలతో రాసి ఉంది.

"ఇప్పుడైనా పెడదాం, ఆ పలకలు మళ్లీ..."

"పలకలు పెడితే మిషన్లు తిరుగుతాయి. నా కాళ్లు తిరుగుతాయా?"

అయినా అతను ఆ కాగితం తీసుకెళ్లాడు. దానితో పాటు తను అలా లోపలి నుంచి కొలిచినవాటిలో గుర్తున్న మేడలన్నీ రాసుకున్నాడు. పద్నాలుగు తేలాయి. అధికారిణి చదివి, "వీటన్నిటికీ మళ్లీ వెళ్దాం. ఈ అర్జీ గడువు దాటింది గానీ తప్పు మనది కాబట్టి తీసుకుంటాను. ఈవిడకి ఏం కావాలట?" అని అడిగింది.

"ఏమీ అక్కర్లేదంటోందండీ. తప్పు కొలిచామని ఒక ముక్క రాసివ్వండి, చాలు."

పది రోజులకి జవాబు తయారైంది. పాత కొలత, కొత్త కొలత, రెండింటి కిందా అతని సంతకమే. తనే పట్టుకెళ్లి ఇచ్చాడు. అక్క కళ్లజోడు పెట్టుకుని, ముఖ్యమైన కాగితాన్ని చదివినట్టు రెండుసార్లు చదివి, మడిచి బొత్తాల డబ్బాలో పెట్టింది. మూత పెట్టబోతూ ఆగి అతని చొక్కా వైపు చూసింది.

"రెండో బొత్తం ఎప్పుడు ఊడింది? ఇలాగే ఊరంతా తిరుగుతున్నావా? ఇటు రా."

అతను కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆవిడ డబ్బాలో వేలితో కెలికి, సరిపోయే బొత్తం వెతికి, సూదిలో దారం ఎక్కించింది. గది మూలన మూడు మిషన్లు పాత దుప్పట్ల కింద ఉన్నాయి. అతను అటే చూస్తున్నాడు.

"కదలకురా," అంది అక్క, "గుచ్చుకుంటుంది."