రెండింటికే సంతకం

పంజాగుట్ట వెనక సందుల్లో ఒక మేడ మీద, మూడో అంతస్తులో నాకు రెండు గదుల వాటా ఉండేది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. పొద్దున ఆరున్నరకి ఒక బ్యాచ్, సాయంత్రం ఏడింటికి ఇంకొకటి. మధ్యలో పగలంతా ఇంట్లోనే. ఊళ్ళో అందరూ ఆఫీసుల్లో ఉండే వేళ నేను ఇంట్లో ఉండడం వల్లే ఆ కుక్కలన్నీ నా దగ్గరికి చేరాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను. ఇప్పటికీ ఆ పేర్లు తలుచుకుంటే చెయ్యి ఆగిపోతుంది.

మొదటిది తెల్లది. నాతో కలిసి వాటాలో ఉండే అమ్మాయి మొదటి జీతం అందగానే ఆ పొమరేనియన్ పిల్లను కొనుక్కొచ్చింది. ఏడాది తిరక్కముందే కంపెనీ ఆమెను సింగపూర్ పంపింది. మూడు నెలలే కదా, చూసుకోవే అంది. మూడు నెలలు ఆరు నెలలయ్యాయి. ఆ తర్వాత ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

రెండోది నల్లటి లాబ్రడార్. నా దగ్గర చదువుకున్న కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇల్లు దొరకగానే వచ్చి తీసుకెళ్తానన్నాడు. నా చేతికిచ్చినప్పుడు అది చెప్పుల జత అంత ఉంది. ఆరు నెలలకి నా మంచమంత అయింది. మూడోది గోధుమరంగు ముసలిది, పొట్టి కాళ్ళది, ఒక కంట పొర. బంజారాహిల్స్‌లో అద్దెకుంటున్న దంపతులది. వాళ్ళు కొనుక్కున్న కొత్త ఫ్లాట్లో కుక్కలు కుదరవన్నారట. అక్కడి వాళ్ళతో మాట్లాడి ఒప్పించేదాకా పదిరోజులు ఉంచుకోమన్నారు. ఎవరూ కుక్కను వదిలేస్తున్నామని చెప్పలేదు. అందరూ తిరిగొచ్చే రోజు చెప్పే వెళ్ళారు.

ఇక నా రోజు వాటిదైపోయింది. ముసలిది మెట్లు దిగలేదు కాబట్టి దాన్ని చంకన పెట్టుకుని, మిగతా రెండింటి తాళ్ళూ ఇంకో చేత్తో పట్టుకుని, రోజుకి నాలుగుసార్లు మూడంతస్తులు దిగి ఎక్కేదాన్ని. తెల్లది మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా మొరిగేది. అందుకని మే నెలలో కూడా తలుపులూ కిటికీలూ మూసుకునే ఉండేదాన్ని. తెనాలిలో తమ్ముడి పెళ్ళికి ముందురోజు రాత్రి బండెక్కి వెళ్ళి, తాళి కట్టగానే మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేశాను. కుక్కల కోసమా అని అమ్మ అడిగింది. క్లాసులున్నాయని చెప్పాను. ఆ ఒక్కరోజూ వాటిని చూసిన మా ఓనరమ్మ, ఇంకోసారి తనవల్ల కాదని ముందే చెప్పేసింది.

ఆ ఏడాదే ఒక పెద్ద కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు చేరుతున్న ఉద్యోగమే. కాకపోతే మొదటి రెండు నెలలు చెన్నైలో ట్రెయినింగ్. ఆరోగ్యం బాగాలేదని ఉత్తరం రాసి మానుకున్నాను. ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చి మూడింటికీ అన్నం కలిపి పెట్టాను. అవి తింటుంటే చూస్తూ, వీటిలో ఒక్కటి కూడా నేను కోరుకుని తెచ్చుకున్నది కాదు కదా అనుకున్నాను. ఆ రోజు వాటిమీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

మా కింద రెండో అంతస్తులో రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒక రిటైరైన ఆఫీసరుగారు ఉండేవారు. ఆయన భార్యకి గుండె ఆపరేషన్ అయింది. నల్లది గదిలో అటూ ఇటూ తిరిగితే దాని గోళ్ళ చప్పుడు కింద ఆవిడ మంచం దాకా వినిపించేదట. ఆయన రెండుసార్లు పైకొచ్చి ఎంతో మర్యాదగా చెప్పారు. నేల మీద పాత దుప్పట్లు పరిచాను. నల్లది వాటిని చింపి మూల పడేసింది. మూడోసారి ఆయన పైకి రాలేదు, మున్సిపాలిటీకి ఫిర్యాదు రాశారు.

నోటీసు ఓనరమ్మ పేరున వచ్చింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వచ్చింది.

"గిదేందమ్మా, నా ఇంటి మీదికి కాయితం తెచ్చినవ్. నువ్వు కుక్కను పెట్టుకుంటనంటే నేనేమన్న అన్ననా? ఒకటే అనుకున్న. మూడైనయ్. జర నువ్వే పోయి ఏదో ఒకటి తేల్చుకో."

మర్నాడు పొద్దుటి బ్యాచ్ కాగానే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి క్లర్కు నడివయసు మనిషి, నిదానస్తుడు. కూర్చోమని చెప్పి నియమమంతా వివరించాడు. ప్రతి కుక్కకీ విడిగా లైసెన్సు ఉండాలి, టీకాల పుస్తకం చూపించాలి. ఒకే ఇంట్లో ఒకటి కంటే ఎక్కువ ఉంటే, ఇంటి ఓనరూ ఇరుగుపొరుగూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. తర్వాత నేనిచ్చిన మూడు పుస్తకాలూ ఒక్కొక్కటే తిరగేసి నా మొహం చూశాడు.

"మేడం, వీటిల మీ పేరు యాడా లేదు గదా?"

ఏ కుక్క ఎవరిదో, నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాను. ఆయన పుస్తకాలు మూసి నా ముందుకి తోశాడు.

"కాయితం ప్రకారం గివి మీ కుక్కలు కావు. నావి కావని రాసిచ్చినరనుకోండి, మా వాళ్ళొచ్చి తీస్కపోతరు, మీకు ఫికర్ ఉండదు. నావే అని రాసిన్రనుకోండి, ఇగ దేనికైనా జవాబు మీరే చెప్పాలె. ఆలోచించుకోండి, తొందర లేదు."

ఫారాలు తీసుకుని వరండాలో బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నాను. చెన్నై గుర్తొచ్చింది. ఆదివారం ఎనిమిదింటిదాకా పడుకోవడం, కిటికీలు బార్లా తీసుకోవడం, అమ్మ దగ్గర నాలుగు రోజులుండి రావడం, అన్నీ గుర్తొచ్చాయి. నావి కావు అని ఒక్క వాక్యం రాస్తే చాలు, అందులో అబద్ధం కూడా లేదు. కానీ వాళ్ళ బండి మా సందులోకి వస్తే మెట్లు దిగలేని ముసలిదాన్ని చంకన పెట్టుకుని కిందికి దించి అందించాల్సింది నేనే. అది తట్టుకోలేకపోయాను. యజమాని అన్నచోట మొదటి ఫారంలో నా పేరు రాశాను. మిగతా రెండింటిలోనూ రాశాను.

సంతకాలకు తిరిగే ముందు ఆఖరిసారిగా వాటి అసలు యజమానులకి ఫోన్లు చేశాను. సింగపూర్ అమ్మాయి ఎంతో సంతోషంగా పలకరించింది. తెల్లదాని మాట ఎత్తగానే, "ఏంటే, అది ఇంకా నీ దగ్గరే ఉందా?" అంది. ఎప్పుడో ఎవరికో ఇచ్చేసి ఉంటానని అనుకుందట. బెంగుళూరు కుర్రాడి నంబరు మారిపోయింది. ముసలిదాని యజమానురాలు ఫోన్లోనే ఏడ్చింది కానీ, వచ్చి తీసుకెళ్తాననలేదు.

తర్వాత కింది వాటా తలుపు కొట్టాను. అన్నాళ్ళలో ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ముందుగదిలో ఫ్యాను కింద మంచం మీద ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది, కానీ నిద్రలో లేదు. ఆఫీసరుగారు ఫారాలు చదివి, రెండింటి మీద సంతకం పెట్టి, మూడోది నాకు తిరిగిచ్చారు.

"ఏ రెండో మీ ఇష్టం. మూడోదానికి మాత్రం నన్ను అడక్కండమ్మా. ఆవిడ నిద్రపోవాలి."

ఆవిణ్ణి చూశాక మూడో ఫారం మడిచి చేత్తో పట్టుకుని వచ్చేశాను. ఓనరమ్మ కూడా, ఆయన ఎన్నింటికి పెడితే నేనూ అన్నింటికే పెడతానంది.

ఏది పోవాలన్నది నా చేతిలో ఉందనుకున్నాను. లేదు. టీకాలు వేసే డాక్టరుగారు ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పేశారు. ముసలిదాన్ని ఎవరూ తీసుకోరు. తెల్లది కొత్తవాళ్ళని కరుస్తుంది, దాన్నీ తీసుకోరు. నల్లదాన్నయితే మేడ్చల్ దగ్గర పాడి గేదెలున్న ఒక కుటుంబం ఎంతో ఇష్టంగా తీసుకుంటుంది. మూడింటిలో నా మనసుకి దగ్గరైంది నల్లదే. క్లాసు నుంచి రాగానే నా చెప్పులు నోట కరుచుకుని తిరిగేది, నేను బోర్డు మీద రాయాల్సిన నోట్సు తయారు చేసుకుంటుంటే పాదాల మీద తల పెట్టుకుని పడుకునేది. ఎవరికీ అక్కర్లేనివి రెండూ నాకు మిగిలి, నాకు కావలసింది పోయింది.

ఆదివారం పొద్దున ఆటో మాట్లాడుకున్నాను. షికారనుకుని అదే ముందు ఎక్కి కూర్చుంది. దారంతా తల బయటపెట్టి గాలి పీల్చింది. వాళ్ళ పిల్లలు పరుగెత్తుకొచ్చి దాన్ని చుట్టుముట్టారు. అది ఇటు తిరిగి చూసేలోపే ఆటో ఎక్కేశాను. ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే ఆఫీసరుగారు ఎదురయ్యారు. తీసుకెళ్ళిపోయారా అమ్మా అని అడిగి, నా జవాబుకి ఆగకుండా తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

వారానికి లైసెన్సు కాగితాలూ, వాటితో పాటు మెడలో కట్టడానికి రెండు రేకు బిళ్ళలూ ఇచ్చారు. ఎవరో ఒకరు ఎప్పుడో వచ్చి తీసుకెళ్తారన్న ఆశ అప్పటిదాకా నాలో ఏ మూలనో ఉండేది. ఆ కాగితాల మీద నా పేరు చదివాక అది కూడా పోయింది.

రెండో ఏడు వానాకాలంలో ముసలిది పోయింది. బిళ్ళ తిరిగి ఇవ్వడానికి వెళ్తే క్లర్కు గుర్తుపట్టాడు. రిజిస్టరులో గీత కొట్టి, పాపం అన్నాడు.

"గిప్పుడు మీకు ఇంకోటి పెట్టుకునేందుకు జాగ ఉంది మేడం. కొత్త ఫారం ఇయ్యాల్నా?"

తీసుకున్నాను. ఆ ఆదివారమే మేడ్చల్ వెళ్ళాను. నల్లది గేదెల మధ్య నుంచి వచ్చి, నన్ను గుర్తుపట్టి, రెండు కాళ్ళూ నా భుజాల మీద వేసి మొహమంతా నాకింది. ఇంతలో లోపల్నుంచి చిన్నపిల్ల పిలిచింది. వెంటనే అది నా మీద నుంచి దిగి అటు పరుగెత్తింది. ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, ఏమైనా పనుండి వచ్చారా అని అడిగింది. ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను. ఫారం నా బ్యాగులోనే ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు.

తెల్లది ఇంకో నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళూ నేను ఆ మూడో అంతస్తులోనే ఉన్నాను.