అవ్వ కుర్చీ ఎక్కడ వేయాలి

కిందటేడు మాఘమాసం. హిందూపురంలో పెళ్లిళ్ల సీజను. ఒకప్పుడు ఈ నెలలో నాకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఇప్పుడు స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు సైజు ఫోటోలు కత్తిరిస్తూ, అద్దం తలుపులోంచి ఎదురు వరసలోని కొత్త స్టూడియోను చూస్తుంటాను. దానికి సరైన బోర్డు కూడా లేదు. నల్ల గోడ మీద చిన్న చిన్న తెల్ల అక్షరాలు, అంతే. అయినా దాని ముందు కార్లు ఆగుతాయి. నా బోర్డు మనిషంత ఎత్తుంటుంది. దాని నీడలో ఆవులు ఆగుతాయి.

ఆ స్టూడియో మమత అనే అమ్మాయిది. ముప్పై ఏళ్లుంటాయేమో. బెంగళూరులో ఫోటోగ్రఫీ చదువుకుని వచ్చింది. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. పాతపేపర్ల అంగట్లో తూకానికి అమ్మే ఇంగ్లీషు కెమెరా పత్రికలు తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని ఈ పని నేర్చుకున్నాను. డార్క్‌రూములో, అంటే ఫిలిం కడిగే చీకటి గదిలో, మందునీళ్లకు నా వేళ్ల చర్మం ఊడిపోయింది. ఆ అమ్మాయి వేళ్లకు గోళ్ల రంగు ఉంటుంది. అసూయ అంటారా? అనండి, కాదనను. ఈ వృత్తిలో అసూయ లేనివాడు పక్కవాడి ఫోటోను సరిగా చూడనే చూడడు.

ధర్మవరంలో ఆదిలక్ష్మక్క ఇల్లు ఉంది. పట్టుచీరలు నేయించి అమ్మే కుటుంబం. ఆమె పెద్దకొడుకు నారాయణ నడక నేర్చిన నాటి నుంచి ఆ ఇంటి ఫోటోగ్రాఫరును నేనే. వాళ్ల నడవా గోడ మీద వరసగా వేలాడే ఫోటోలన్నీ నావి. ఇంకొకరి ఫోటో ఒక్కటి కూడా ఆ గోడ ఎక్కలేదు. చివరి ఫోటో పక్కన ఆదిలక్ష్మక్క ఒక మేకు కొట్టించి పెట్టుకుంది. ఉగాది దాటాక చిన్నకొడుకు భార్యాబిడ్డలతో కొత్త ఇంటికి వేరు పోతున్నాడు. ఆ లోపల అందరూ కలిసి ఒక ఫోటో కావాలి. అందులో ఇద్దరు కోడళ్లూ పక్కపక్కన నవ్వుతూ ఉండాలి. పెద్దకోడలు వెంకటలక్ష్మికీ చిన్నకోడలు హేమకూ చాలా కాలంగా మాటలు అంతంతమాత్రం.

“పొయ్యిలు వేరైనాక నవ్వమంటే యాడ నవ్వుతారబ్బా?” అని ఆదిలక్ష్మక్క నాతోనే అంది.

ఒక ఉదయం నారాయణ ఫోన్ చేశాడు. “మామా, ఫ్యామిలీ ఫోటో తీయిస్తాండాం. నువ్వు తప్పకుండా రావాల.”

నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో అప్పటికే లెన్సు తుడవడం మొదలుపెట్టాను.

“ఫోటో మీ ఎదురంగడి మమత తీస్తాదిలే. పిల్లోళ్లు ఫోన్లో చూసి ఎంచుకున్నారు. మాయమ్మ ఏమో నువ్వు రాకపోతే కూచోనంటాది. నువ్వొచ్చి అమ్మను కూచోబెడితే సాలు.”

అంటే నేను పెళ్లికొడుకునూ కాదు, తోడుపెళ్లికొడుకునూ కాదు. ఊరేగింపులో గుర్రాన్ని పట్టుకునేవాణ్ణి. రానని చెప్పాల్సింది. వస్తానన్నాను. ఆ పిల్ల ఎట్లా చెడగొడుతుందో కళ్లారా చూడాలని.

ఫోటోకు వారం ముందే మమత వాళ్లింటికి వెళ్లింది. ప్రీ-షూట్ మీటింగ్ అంటారట దాన్ని. ఫోటో తీసేముందు ఇంటిల్లిపాదితో కూర్చుని మాట్లాడుకోవడం. నేనూ వెళ్లాను.

“చిన్నపాప ఏ వేళకు నిద్రపోతుందక్కా? మోకాళ్ల నొప్పులు ఎవరికైనా ఉండాయా? ఎక్కువసేపు నిలబడలేనోళ్లు?”

ఫోటో తీయడానికి వచ్చిందా, ఆపరేషన్ చేయడానికి వచ్చిందా అనిపించింది. తర్వాత కలర్ ప్యాలెట్ అంది. అందరి బట్టల రంగులూ ఒకదానితో ఒకటి కలిసేటట్టు ముందే ఎంచుకోవడం అన్నమాట.

“రంగులు దగ్గర దగ్గరగా ఉంటే సాలవ్వా. అచ్చం ఒకటే అక్కర్లేదు,” అని చెప్పింది మమత.

ఆదిలక్ష్మక్క ఒప్పుకోలేదు. “దగ్గర దగ్గర అంటే కొట్లాటే తల్లీ. ఎవరిది బాగుండాది, ఎవరిది బాగలేదు అని మొదలైతాది. ఒకే మగ్గం, ఒకే పడుగు. ఇద్దరికీ దాంట్లోనే కోయిస్తా.”

ఆ ఇంటి పద్ధతే అది. ఏ పండగకైనా కోడళ్లిద్దరికీ ఒకే పడుగు మీద, అంటే మగ్గానికి ఎక్కించిన ఒకే నిలువు పోగుల మీద, నేసిన జంట చీరలు. ఎవరూ వేలెత్తి చూపకుండా.

అంతటితో ఊరుకోక మమత గోడ దగ్గరికి వెళ్లి, “ఈ ఫోటోల్లో మీకెవరికైనా నచ్చనిది ఏమన్నా ఉండాదా?” అని అడిగింది. నా ముందే! వంటవాణ్ణి పంక్తి చివర నిలబెట్టి, సాంబారులో ఉప్పు సరిపోయిందా అని అందరినీ అడిగినట్టు. హేమ నా వైపు చూసి, “ఏం లేదులే,” అని లోపలికి పోయింది. మమత మాత్రం ఫోటోల్లో హేమ నిలబడిన చోట వేలు పెట్టి, ఒక్కో ఫోటో దగ్గరా కాసేపు ఆగింది.

“అద్దాల మీద వేలిముద్రలు పడతాయమ్మా,” అన్నాను.

హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ అని పెనుకొండ ఎంచుకున్నారు. కొండ కింద ఒక పాత రాతి మండపం. ఒక పక్క గోడ, మిగతా పక్కలు బయలు. నేను పొద్దున్నే రైలెక్కి దిగాను. గుడ్డసంచిలో నా కెమెరా పెట్టుకున్నాను. ఎందుకైనా మంచిదని.

మమత సంచి వైపు చూసింది. “కెమెరా తెచ్చినారా తాతా? మంచి పని చేసినారు.” వెక్కిరించి ఉంటే భరించేవాణ్ణి. నిజంగానే అంది.

కోడళ్లిద్దరూ కారు దిగారు. దానిమ్మ ఎరుపు పడుగు, ఆకుపచ్చ పేక. దీన్నే డబుల్ షేడ్ అంటారు. నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు ఇంకో రంగు కాబట్టి చీర కదిలే తీరును బట్టి, వెలుతురు పడే పక్కను బట్టి ఒక్కో రంగు పైకి తేలుతుంది. ధర్మవరం చీరకు ఆ తళుకే అందం.

నాకు అప్పగించిన ఒక్క పనీ నేను శ్రద్ధగా చేశాను. మండపం మధ్యలో కుర్చీ వేసి ఆదిలక్ష్మక్కను కూర్చోబెట్టాను. కుడి పక్కన పెద్దకోడలు, ఎడమ పక్కన చిన్నకోడలు. వెనక కొడుకులు, ముందు పిల్లలు. మమత వచ్చి, “తాతా, కుర్చీ కొంచెం పక్కకు...” అంది.

“మధ్యలోనే ఉండాల. ఇంటికి పెద్ద,” అన్నాను. ఆమె వెనక్కి వెళ్లి అట్లాగే ఒక ఫోటో తీసింది. పిల్లలు కెమెరా వెనక తెర చుట్టూ మూగారు. వాళ్ల వెనకే హేమ వచ్చి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

బయలు వైపు నిలబడిన వెంకటలక్ష్మి చీర పగలగొట్టిన దానిమ్మలా మెరుస్తోంది. గోడ పక్క నిలబడిన హేమ చీర పాతబడిన పచ్చగా, మట్టిగొట్టుకుని ఉంది. రెండూ ఒకటే చీరంటే ఎవరూ నమ్మరు.

“చూసినావా అక్కా? నీకు కొత్త పట్టు, నాకు మిగులు పోగులు. ఇంట్లో గోడ మీద గూడా అన్ని ఫోటోల్లో ఇదే కత!”

“నీ చీర నేనేమన్నా లాక్కున్నానా? పోయి అత్తను అడుగు,” అంది వెంకటలక్ష్మి.

“ఒకే పడుగమ్మా! నా కండ్ల ముందర కోసినారు. వెలుతురు అట్ల పడింది, అంతే,” అని ఆదిలక్ష్మక్క కుర్చీలోంచే మొత్తుకుంది.

“మీరు అట్లే చెప్తారులే అత్తా. ఆయమ్మ మీకు కుడి చెయ్యి. నేను గోడ పక్క దాన్ని.” హేమ చరచరా వెళ్లి కారులో కూర్చుని తలుపు వేసుకుంది.

ఆదిలక్ష్మక్క కళ్లు నీళ్లతో నిండాయి. నా కడుపు మాత్రం చల్లగా ఉంది. మీటింగులు పెట్టి, ప్యాలెట్లు పెట్టి, చివరికి ఏమైంది? అంతలో ఆదిలక్ష్మక్క నా వైపు తిరిగింది.

“నువ్వే తీయబ్బా, నీ దాంతో. నువ్వు తీస్తే అయితాది.”

ఆ మాట కోసమే నేను రైలెక్కానేమో. సంచిలోంచి కెమెరా తీశాను. మమత పక్కకు తప్పుకుంది. నారాయణ వెళ్లి మరదలిని బతిమాలి తీసుకొచ్చాడు. అందరినీ మళ్లీ నిలబెట్టాను. ఎట్లా? నాకు తెలిసినట్టే. మధ్యలో పెద్దావిడ, కుడి పెద్దకోడలు, ఎడమ చిన్నకోడలు. కన్ను కెమెరాకు ఆనించాను. అదే దానిమ్మ. అదే మట్టిపచ్చ.

హేమ నిలబడిన చోటు నుంచే అంది. “ఈయప్ప తీసినా అంతే. ఈయప్ప తీసినప్పుడే మొదలైంది.”

“అది వెలుతురు దోషమమ్మా, నాది కాదు.”

“వెలుతురు ఎప్పుడూ నా దిక్కే తప్పు చేస్తాదా తాతా?”

నా వేలు బటను మీదే ఉంది. నొక్కలేదు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. వాళ్ల నడవాలోనూ పెద్దకోడలు ఎప్పుడూ వాకిలి వెలుతురు పక్క, చిన్నకోడలు ఎప్పుడూ గోడ పక్కే. కెమెరా దించాను.

అప్పుడు మమత ముందుకొచ్చి, మామూలుగా, నీళ్లు అడిగినంత తేలిగ్గా అంది. “అక్కా, ఒక్కసారి మీరిద్దరూ చోట్లు మార్చుకోండి. ఫోటో కోసం కాదు, ఊరికే చూద్దాం.”

కుడి పక్క వదలడానికి వెంకటలక్ష్మి కాస్త తటపటాయించింది. అత్త ముఖం చూసి కదిలింది. మమత ఒక ఫోటో తీసి తెర వాళ్లిద్దరికీ మధ్యలో పెట్టింది. ఇప్పుడు హేమ దానిమ్మ. వెంకటలక్ష్మి మట్టిపచ్చ.

వెంకటలక్ష్మి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, నేనేంది ఇట్లుండా! బావిగోడకు పాచి పట్టినట్టు!”

హేమ పకాలున నవ్వింది. ఆపుకోలేక తోడికోడలి భుజం పట్టుకుంది. ఆ భుజం కూడా నవ్వుతో ఊగింది.

“నేను ఎప్పట్నుంచి చెప్తాండా?” అంది ఆదిలక్ష్మక్క కొంగుతో కళ్లొత్తుకుంటూ. “అత్త చెప్తే పక్షపాతం. ఆ డబ్బా చెప్తే నిజం.”

మమత అంతటితో ఆగలేదు. అందరినీ గోడ దగ్గరి నుంచి కదిలించి, బయలు వైపు మెట్ల మీద కూర్చోబెట్టింది. ఒకే వెలుతురు అందరి మీదా ఒకేలా పడేటట్టు. కోడళ్లిద్దరూ మధ్యలో, కొంగూ కొంగూ తగులుతూ. ఆ తర్వాత ఆదిలక్ష్మక్కతో, “అవ్వా, మీరు ఈ వరస చివర్న కూచుంటారా?” అంది.

నాకు ఒళ్లు మండింది. “చివర్లో కూచోబెట్టేదానికి ఆమె ఏమన్నా వాచ్‌మనా?”

“ఉండబ్బా, కూచుని చూస్తా,” అని ఆదిలక్ష్మక్క నా చెయ్యి పట్టుకునే మెట్టు దిగి, చివర్న కూర్చుంది.

మమత కెమెరా ఎత్తింది. ఆదిలక్ష్మక్క కెమెరా వైపు చూడడం లేదు. వరసగా కూర్చున్న తన వాళ్ల వైపు చూస్తోంది. నేను అలవాటు చొప్పున అరిచాను. “అక్కా, ఈడ చూడు, ఈడ!”

“పిలవద్దు తాతా. అట్లే ఉండనీ,” అంది మమత. ఫోటో తీసేసింది.

ఇంటికి పెద్దావిడ కెమెరాలోకి చూడని ఫ్యామిలీ ఫోటో! నేను ఆ సాయంత్రం రైల్లో హిందూపురం దాకా సంతోషంగా ప్రయాణం చేశాను. చెడగొట్టింది, బాగా చెడగొట్టింది అనుకుంటూ.

ఉగాది దాటాక పని పెట్టుకుని మరీ ధర్మవరం వెళ్లాను. మేకుకు ఆ ఫోటో వేలాడుతోంది. ముందు దోషాలు వెతికాను. ఒక మూల ఎవరిదో విడిచిన చెప్పు ఒకటి పడింది. కాస్త ఊరట కలిగింది. తర్వాత మిగతాది చూశాను. ఇద్దరు కోడళ్లూ ఒకే రంగులో, ఒకరి మీద ఒకరు వాలి నవ్వుతున్నారు. ఎవరో నవ్వమంటే వచ్చే నవ్వు కాదు. నేను తీసిన ఏ ఫోటోలోనూ ఆ నవ్వు లేదు. నా ఫోటోల్లో అందరూ ఊపిరి బిగబట్టి ఉంటారు. బిగబట్టమన్నది నేనే.

హేమ ఆ రోజు కొత్త ఇంటి నుంచి ఉసిరికాయ తొక్కు తెచ్చింది. నాకు కాఫీ ఇస్తూ, “మా ఇంట్లో గూడా ఇదే ఫోటో పెట్టుకున్నాం తాతా,” అంది. ఈ గోడ మీది నా ఫోటోల్లో ఒక్కదానికైనా కాపీ అడుగుతుందేమోనని కాఫీ నెమ్మదిగా తాగాను. అడగలేదు.

ఆదిలక్ష్మక్క వచ్చి నా పక్కన నిలబడింది. నా ముఖం ఆమెకు ఎప్పుడూ తెలిసిందే.

“ఏమబ్బా, బాగలేదా?”

“నిన్ను చివర్న పడేసింది గదక్కా.”

“నీ ఫోటోలన్నిట్లో నేను నడిమధ్యన ఉండానబ్బా. నా చుట్టూరా ఎవరెట్లుండారో ఒక్కసారన్నా చూసినానా? నీ డబ్బా దిక్కే చూస్తా కూచున్నా. దీంట్లో అందరినీ చూస్తాండా.”

కాఫీ గ్లాసు కింద పెట్టి రైలుకు బయల్దేరాను.

ఆ ఫోటో నాకేం నేర్పిందో చెబుతాను. ఫోటోలో మనిషికి ఇవ్వాల్సింది మర్యాద స్థానమని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. ఎవరు కుడి, ఎవరు ఎడమ, ఎవరు మధ్య. ఆ చోటు నుంచి ఆ మనిషికి ఏం కనపడుతుంది, ఆ చోట ఆ మనిషి ఎట్లా కనపడుతుంది అని అడగలేదు. మమత అడిగింది. వారం ముందే వచ్చి అడిగింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమె అంగడి ముందు ఒక కారు ఆగింది. దాన్ని చూస్తే నా కడుపు మండుతూనే ఉంది. పాఠం నేర్చుకున్నంత మాత్రాన అసూయ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పోయిన వారం మడకశిర నుంచి ఒక కుటుంబం నా స్టూడియోకు వచ్చింది. వాళ్లలో ఒక అవ్వ ఉంది. అలవాటుగా కుర్చీ మధ్యలో వేశాను. వేసి, కాసేపు చూశాను. తర్వాత వెళ్లి, ముందు అద్దం తలుపుకు తెర పూర్తిగా లాగాను, ఎదురంగట్లోకి కనపడకుండా. అప్పుడు కుర్చీని చివరికి జరిపాను.