మా చీటీల మామయ్య తేల్చిన బస్టాపు

మా మామయ్య దేన్నీ తనంతట తాను తేల్చడు. ఇంకొకరిని తేల్చనివ్వడు. చీటీలు వేస్తాడు.

బస్సు కండక్టరుగా రిటైరైనప్పుడు తన తోలు సంచీని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడందులో టిక్కెట్ల బదులు మడతపెట్టిన కాగితం ముక్కలుంటాయి. ఎవరు ముందు స్నానానికి వెళ్లాలి, అంట్లు ఎవరు తోమాలి, టీవీలో ఏది పెట్టాలి, అన్నీ ఆ సంచీలోంచే. ఒకరోజు అత్తయ్యకు ఒళ్లుమండింది.

"నన్ను కూడా చీటీ తీసే చేసుకున్నారా?"

"ఆ ఒక్కసారి వెయ్యలేదు. ఇంకో పేరు వస్తుందేమోనని భయమేసింది."

ఆ పూట కాఫీలో చక్కెర కాస్త ఎక్కువే పడింది.

ఈ పిచ్చికి అందరికంటే ఎక్కువగా బలైనవాణ్ని నేను. కాలేజీలో చరిత్ర చెబుతాను. మాట్లాడటం నా వృత్తి, ఆపకపోవడం నా ప్రవృత్తి. "ఎవరైనా మాట్లాడతారా" అన్న మాట పూర్తికాకముందే నా చెయ్యి లేస్తుంది. మామయ్య ఇంట్లో మాత్రం చీటీ వస్తేనే నాకు మాట్లాడే వంతు. బస్సులో పైన కడ్డీ పట్టుకున్నా, నేను ఉపన్యాసం మొదలుపెడతానేమోనని పక్కవాళ్లు ముందు స్టాపులోనే దిగిపోతారని మా ఆవిడ అంటుంది.

ఇలా ఉండగా మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తూ పాత బస్టాపు పీకేశారు. కొత్తది ఎక్కడ పెట్టాలో తేలలేదు. పురపాలక సభ్యుల్లో ఒకాయన తన హోటలు ముందన్నాడు. ఇంకొకాయన తన బావమరిది మందుల షాపు ముందన్నాడు. నేను మాత్రం ఏ స్వార్థమూ లేకుండా లైబ్రరీ ముందన్నాను. లైబ్రరీ పక్కిల్లు మాదే కావడం కేవలం యాదృచ్ఛికం. ఈలోగా బస్సు ఎక్కడ ఆగితే అక్కడికి జనం పరుగెత్తేవారు. అలా పరుగెత్తి ఒక పెద్దాయన కిందపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

మర్నాడే మామయ్య సంచీ భుజాన వేసుకుని పురపాలక అధ్యక్షురాలి గదికి బయలుదేరాడు. మాటసాయానికని నేనూ వెళ్లాను. ఆ సాయం ఎవరూ అడగలేదు.

"అమ్మా, ఊళ్లో ఓటర్లందరి పేర్లతో చీటీలు వేయించండి. ఆడవాళ్లవి ఒక డబ్బాలో, మగవాళ్లవి ఇంకో డబ్బాలో. ఆరుగురు, ఆరుగురు చాలు."

"ఊరి సంగతి చీటీలతో తేల్చమంటారా?"

"తేల్చేది మనుషులేనమ్మా. ఎవరు తేల్చాలో చీటీ చెబుతుంది, అంతే. వాళ్లను కూర్చోబెట్టి ఇంజినీరుతో, డ్రైవర్లతో అన్ని సంగతులూ చెప్పించండి. నాలుగు ఆదివారాలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు."

"ఏమీ తెలియనివాళ్లు వస్తేనో?"

"తెలుసుకుంటారు. మళ్లీ గెలవాలన్న బెంగ లేదు కదా, తీరిగ్గా వింటారు. ఇష్టమున్నవాళ్లు చెయ్యెత్తండంటే ఎప్పుడూ ఎత్తేవాడే ఎత్తుతాడు." ఈ చివరి మాట నా వైపు చూస్తూ అన్నాడు. నా చెయ్యి అప్పటికే సగం లేచి ఉంది.

సభ్యుల తగువులతో విసిగిపోయిన ఆవిడ ఒప్పుకుంది. ఆ పన్నెండుమంది ఏమంటే అదే చేస్తామని సభ చేత కూడా అనిపించింది.

చీటీలు తీసినరోజు ఆఖరి పేరు నాది. మామయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మామయ్యా, నా పేరే," అన్నాను పొంగిపోతూ.

"వినపడిందిరా. చీటీకి ఎదురు చెప్పకూడదు," అని నిట్టూర్చాడు.

మొదటి ఆదివారం లావుపాటి ఉపన్యాసం రాసుకుని వెళ్లాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలన్నారు. నేను చక్రం కనిపెట్టడం దగ్గరుండగానే గంట కొట్టేశారు. బస్సు దాకా రావడానికి ఇంకా కొన్ని వేల ఏళ్లు మిగిలిపోయాయి.

చేసేది లేక వినడం మొదలుపెట్టాను. అలవాటు లేని పని కావడంతో మొదట చెవులు నొప్పిపుట్టాయి. హోటలు ముందే ఉండాలని బల్లగుద్దిన మెకానిక్, డ్రైవర్ల మాటలు విన్నాక ఆస్పత్రి గేటు దగ్గరన్నాడు. ఆస్పత్రి వద్దన్న టీచరమ్మ రెండు ఆదివారాలు అతనితో పోట్లాడి, మూడో ఆదివారం "నీడా, బల్లలూ ఉంటే సరే" అంది. గట్టిగా మాట్లాడటమే తెలియని టైలరమ్మ కూడా చివరికి ఇంజినీరును నిలబెట్టి ప్రశ్నలడిగింది. నాలుగో ఆదివారం ఆస్పత్రి గేటుకే ఒప్పందం కుదిరింది. నా జీవితంలో మొదటిసారి, పదకొండు చేతులు లేచాక నా చెయ్యి లేచింది.

ఆ సంబరం చెబుదామని మామయ్యకు ఫోను చేశాను. "టైలరమ్మ ఇంటికి రా," అని గుసగుసగా చెప్పి పెట్టేశాడు.

వెళ్లేసరికి మామయ్య భుజం మీద మెకానిక్‌గారి పసిపాప నిద్రపోతోంది. టైలరమ్మ అత్తగారు మంచంలోంచి కసురుతోంది. "దిండు సరిగ్గా పెట్టడం రాదు, బస్సులో టిక్కెట్లెలా కొట్టావయ్యా ఇన్నాళ్లూ?"

"ఇదేంటి మామయ్యా?"

"మెల్లగా మాట్లాడు, పాప లేస్తుంది. చీటీలో పేరొస్తే చాలా, మనిషికి ఇల్లు కదిలే వీలుండొద్దూ? ఈవిణ్ని ఎవరు చూస్తారని టైలరమ్మ అసలు రానంది. మెకానిక్ భార్యకేమో ఆదివారం డ్యూటీ. అందుకే పన్నెండు ఇళ్లకూ వెళ్లి, ఏం సాయం కావాలో అడిగొచ్చాను. మీ అత్తయ్యా నేనూ ఇళ్లు పంచుకున్నాం."

నాకు మనసు కొంచెం చివుక్కుమంది. "మా ఇంటికి మాత్రం రాలేదేం?"

"రాకేం, ముందు మీ ఇంటికే వెళ్లాను. నాలుగు ఆదివారాలు వీడు ఇంట్లో ఉండడమ్మా, ఏమైనా సాయం కావాలా అని మీ ఆవిడని అడిగాను."

"ఏమంది?"

మామయ్య పాపను రెండో భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఇంకో నాలుగు ఆదివారాలు పెట్టించలేరా అంది."

అంతసేపూ కసురుతున్న ముసలావిడ పకపకా నవ్వింది. పాప లేచింది.