ఎక్స్‌రే గదిలో తీసిన గొలుసు

నా మెడలో ఉన్న గొలుసు గురించి చెప్పాలి. ఏళ్ల తరబడి మోస్తున్నాను. నేను చెప్పేది బంగారం బరువు గురించి కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది. పేరు రాయను. మాది పాన్‌గల్ దగ్గర ఒక ఊరు. అంతవరకు చాలు.

అప్పుడు మా ఆయన పుణెలో బిల్డింగు పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో నేను, మా అత్త. నాకు దగ్గు పట్టి ఎంతకీ తగ్గకపోతే వనపర్తిలో దవాఖానకు వెళ్లాను. ఎక్స్‌రే తీయాలి, మెడలోవి తీసేయమన్నారు. మా వైపు ఆడది పుస్తెల గొలుసు తీయాల్సి వస్తే ముందు పసుపు తాడు కట్టుకుంటుంది, ఆ తర్వాతే తీస్తుంది. మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. మొగుడు దూరాన ఉన్నప్పుడు అసలే ఉండకూడదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. వెనక జనం వరస కట్టి ఉన్నారు, లోపలి మనిషి విసుక్కుంటున్నాడు, అప్పటికప్పుడు పసుపు తాడు ఎక్కడి నుంచి తేను? తీసి కొంగున ముడేసుకున్నాను. ఊపిరితిత్తుల్లో ఏముందని చెబుతారో అన్న భయంలో మళ్లీ వేసుకోవడం మరిచిపోయాను. మరిచిపోయాను అని రాస్తుంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు. బస్సు దిగి ఊరి దారి పట్టాక కొంగు తడుముకున్నాను. ముడి ఊడిపోయి ఉంది. గొలుసు లేదు. పుస్తెలూ లేవు.

కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లు ఎదురయ్యారు. "ఏందే, మెడ బోసిగుంది?" అంది ఒకామె. ఏం చెప్పను? మొగుడు బతికుండగా తన చేత్తో తానే తీసి పోగొట్టుకున్నదాన్ని మా అత్త గడప తొక్కనిస్తుందా? రేపు పుణెలో ఆయన కాలు జారి పడినా అది నా మూలానే అంటుంది. అనడమేమిటి, నేనూ అలాగే అనుకునేదాన్ని.

"బండి మీద ఒకడొచ్చి గుంజుకపోయిండు," అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేము అంటారు. ఊరంతా పోగైంది. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. చెప్పిన కొద్దీ దొంగ తయారయ్యాడు. నల్ల బండి అన్నాను, సన్నటి మనిషి అన్నాను. అబద్ధానికి కాళ్లుండవంటారు, నా అబద్ధానికి ఏకంగా బండే ఉంది. మా అత్త ఆ దొంగ మీద దుమ్మెత్తి పోసింది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమే.

మా వాడకట్టుకు వెంట్రుకలు కొనే మనిషి ఒకతను బండి మీద వచ్చేవాడు. గద్వాల అవతల గట్టు అనే ఊరి వైపు మనిషి. తల దువ్వినప్పుడు రాలినవి దాచిపెట్టి ఇస్తే స్టీలు గిన్నెలు ఇచ్చేవాడు. నా దగ్గరా తీసుకున్నాడు. మా అత్త బేరమాడితే నవ్వి ఒక గరిటె ఎక్కువ ఇచ్చాడు. గొలుసు పోయిన రోజు అతను అదే దారిలో తిరిగాడని ఎవరో చెప్పారట. పట్టుకున్నారు. ఇల్లు వెతికి ఒక గొలుసు తెచ్చారు. పుస్తెలు దొరకలేదన్నారు.

స్టేషన్‌లో ఆ గొలుసు నా ముందు పెట్టారు. మా దిక్కు గొలుసులన్నీ ఇంచుమించు ఒకే తీరు. అయినా నాది కాదని చూడగానే తెలిసింది. కొక్కెం దగ్గర అతుకు ఉంది. నాదానికి అతుకు లేదు. మా అత్త పక్కనే నిలబడి పోలీసులకు దండం పెడుతోంది. నాదే అన్నాను.

తర్వాత జైలుకు పిలిచారు. జడ్జి గారి ముందు, వరసగా నిలబెట్టిన మగవాళ్లలో దొంగను చూపించాలి. లేని దొంగను ఎట్లా చూపించను? వీళ్లెవరూ కాదు అందామనే వెళ్లాను. నా తప్పు తగ్గించుకోవడానికి ఇప్పుడు ఇలా చెబుతున్నానా? కావచ్చు. అన్నీ కొత్త ముఖాలే. అతనొక్కడే తెలిసినవాడు. నన్ను చూడగానే అతని ముఖం తేటపడింది. తెలిసిన మనిషి వచ్చింది, నా సంగతి చెబుతుంది అనుకున్నాడు. గొలుసు నాదేనని అప్పటికే చెప్పి ఉన్నాను. ఇప్పుడు మనిషి వీడు కాదంటే గొలుసు సంగతి బయటికి వస్తుంది. వేలు పెట్టి చూపించాను. ఇతన్ని ముందే ఎరుగుదువా అని జడ్జి గారు అడిగారు. ఎరగనన్నాను.

అతని ముఖం మళ్లీ చూడలేదు. నేలకేసి చూశాను.

బెయిలు ఇప్పించేవాళ్లు లేక నెలల తరబడి లోపలే ఉన్నాడు. ఒప్పుకుంటే లోపలున్న రోజులే శిక్ష కింద పోతాయని, లేదంటే కేసు ఎన్నేళ్లు నడుస్తుందో తెలియదని ఎవరో చెప్పారట. ఆ రోజు నేను కోర్టులోనే ఉన్నాను. "చేసిన సారూ," అన్నాడు. ఎవరూ చేయని దొంగతనం అది. అతను ఒప్పుకున్నాడు. నేను వింటూ నిలబడ్డాను.

బయట వరండాలో అతని భార్య నా దగ్గరకు వచ్చింది. మెడలో పసుపు తాడు, దానికి పుస్తెలు. పోలీసులు ఆమె మెడలో గొలుసు పట్టుకుపోయేటప్పుడు కాళ్లావేళ్లా పడితే పుస్తెలు మాత్రం తీసుకోనిచ్చారట. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకున్నా బాగుండేది.

"అక్కా, గా గొలుసు నాది. గా అతుకు మా నాయిన ఏయించిండు," అంది.

"నాదానికి గూడ అతుకుండె," అన్నాను.

ఆమె మెడలో పసుపు తాడు సవరించుకుంది. "సరే అక్కా. ఇగ నేనేం అడుగను. ఒక్క మాట ఇను. దాన్ని కరగబెట్టియ్యకు, అమ్మకు. నీ మెడలనే ఉండనీ, తియ్యకు. మా ఆయన పేరు మీద ఏసుకున్న గొలుసు అది. మెడల ఉన్నన్ని దినాలు ఆయనకేం కాదు."

"తియ్యను," అన్నాను.

నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

కోర్టు నాకిప్పించిన ఆ గొలుసుకే అత్త కొత్త పుస్తెలు చేయించి వేసింది. మా ఆయన పుణె నుంచి క్షేమంగా తిరిగి వచ్చాడు. ఇది కలిసొచ్చిన గొలుసు అంటాడు. అత్త పోయేదాకా ఆ దొంగను తిడుతూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నాను. వెంట్రుకలు కొనడానికి ఇప్పుడు వేరే మనిషి వస్తాడు. మొదట్లో నిద్ర పట్టేది కాదు. తర్వాత పట్టింది. ఇప్పుడు ఏమీ అనిపించదు. అనిపించనందుకు బాధ కూడా లేదు. ఒకసారి గద్వాల దాకా పోయాను. గట్టు బస్సు ఎదురుగానే ఆగింది. ఎక్కితే ఏం చెప్పేదాన్ని? తప్పు చేశానంటే అతని నెలలు తిరిగొస్తాయా, లేక నా మనసు తేలికపడేందుకు వాళ్ల గడప తొక్కుతున్నానా? టీ తాగి తిరిగి వచ్చేశాను.

మొన్న మళ్లీ దగ్గు మొదలైంది. వనపర్తికే పోయాను. ఎక్స్‌రే గదిలో ఇప్పుడొక పిల్ల ఉంది. మెడలోది తీయమంది. తీయనన్నాను.

"పసుపు తాడు కట్టుకో అమ్మా, బయట అమ్ముతుండ్రు. జర సేపే గదా," అంది.

"తియ్యను బిడ్డా. ఇది నాది కాదు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"నీది కాకుంటే తీస్తే ఏమైతది?" అంది ఆ పిల్ల. గొలుసును గుప్పిట పట్టుకున్నాను. ఆమె వెనకవాళ్లను పిలిచింది.

బయట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నాది కాదు, నాది కాదు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. కొంచెం ఊపిరి ఆడినట్టయింది. ఆ పిల్లకు సగమే చెప్పాను, మీకు మొత్తం చెప్పాను. ఎక్స్‌రే తీయించుకోకుండానే ఇంటికి వచ్చాను. గొలుసు మెడలోనే ఉంది.