కృత్తివెన్ను కోడలికి సీటు

కరోనా రావడానికి మూడు నాలుగేళ్ల ముందు మాట. అప్పుడు నేను బందరులో ఒక నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌ని. జి.ఎన్.ఎం. అనే మూడేళ్ల నర్సింగ్ కోర్సుకు ఏటా ఇంటర్వ్యూలు జరిగేవి. ప్రిన్సిపాల్ గారి పక్కన నేనూ కూర్చునేదాన్ని. నూనె రాసి బిగించి జడలు వేసుకొచ్చిన పిల్లలు "సేవ చేయాలనుందండీ" అని ఒకే పాఠం అప్పజెప్పేవారు. ఆ గొంతులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఆ ఏడాది చివరి సీటు దగ్గర సత్యవతి వచ్చింది. కృత్తివెన్ను దగ్గర పల్లె. ఇంటర్‌లో మంచి మార్కులు. భర్త వేటకెళ్లి సముద్రంలో పోయాడు. మాటలు నేర్చే వయసు బాబు ఉన్నాడు.

"హాస్టల్లోనే ఉండాలమ్మా. బాబునెవరు చూస్తారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

సత్యవతి గుమ్మం వైపు చూసింది. గుమ్మం దగ్గర నుంచి ఆమె అత్త నాగమ్మ జవాబు చెప్పింది.

"నేను చూస్తానండీ. పొద్దున్నే చేపలమ్ముకొచ్చేస్తే ఇంక రోజంతా వాడితోనే."

"మధ్యలో మానేస్తే సీటు వృథా అవుతుంది."

"మాననివ్వనండీ. ఇది కూడా నాలాగ బుట్ట నెత్తినెత్తుకుంటే చదివిందంతా ఏమైపోవాలి?"

వాళ్లను బయట కూర్చోమన్నాక, మొవ్వ నుంచి వచ్చిన ఇంకో అమ్మాయికి ఇద్దామన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ అమ్మాయికి ఏ బాధ్యతలూ లేవు. "ఆ అత్తగారిని చూశారుగా, ఈ పిల్ల నిలబడుతుందండీ" అన్నాను. ఆయన సరేనన్నారు.

క్లినికల్ పోస్టింగ్, అంటే వార్డుల్లో శిక్షణ, మొదలైన కొత్తలోనే బాబుకు జ్వరమని కబురొచ్చింది. సత్యవతి బట్టలన్నీ సర్దుకుని వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. వారం తిరక్కుండా నాగమ్మే బాబును చంకనేసుకుని కోడల్ని వెంటబెట్టుకొచ్చింది.

"తగ్గిందండీ. రానంటే నేనే బస్సెక్కించాను."

ఆ తర్వాత ఆదివారాలు నాగమ్మ బాబును హాస్టల్‌కు తీసుకురావడానికి ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాను.

సత్యవతి ఇప్పుడు గుడివాడలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఈ మధ్య మోకాళ్ల నొప్పితో అక్కడికి వెళితే కుర్చీ తెచ్చి కూర్చోబెట్టింది. బాబు ఎలా ఉన్నాడని అడిగాను.

"బాగా చదువుతున్నాడు మేడమ్. మా అత్తయ్యనే అమ్మా అంటాడు. నన్ను పేరు పెట్టి పిలుస్తాడు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సీటు ఇప్పించానని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఆ సీటుకు ఆమె ఏమిచ్చుకుందో ఆ రోజు తెలిసింది.