ఎడమ అంచున ముళ్ళు

మా వీధిలో మా అత్తయ్య కుట్టిన బొంత లేని ఇల్లు ఒక్కటే. అది మాది. ఎవరికి పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, ఎవరైనా కొత్తగా అద్దెకు దిగినా ఆవిడ చేతి బొంత ఒకటి ఆ గడప తొక్కాల్సిందే. ఇవి కాక పిల్లల ఆస్పత్రికి ఏటా పన్నెండు. మేం మాత్రం కొట్లో కొన్న ముతక రగ్గులు కప్పుకుంటాం. ఇదేమిటని పెళ్ళయిన కొత్తలో అడిగితే, "మనకేం తొందర, ఇంట్లోవాళ్ళమేగా" అంది. పంతొమ్మిదేళ్ళయింది. ఆ తొందర ఇంకా రాలేదు.

అందరికీ ఆవిడ బొంతలమ్మ. పొగిడే నోళ్ళకు కొదవ లేదు. పొగడడానికి వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రారు కూడా. "పారేయడానికి మనసొప్పలేదండీ" అంటూ ఓ సంచెడు పాత బట్టలు మా వరండాలో దించి చక్కా పోతారు. వాళ్ళ మనసొప్పనిదల్లా మా ఇంట్లో పేరుకుంటుంది. అందరిలోకీ ఘనుడు మలుపులో టైలరు. వారానికోసారి కత్తిరింపు ముక్కల సంచి తెచ్చి గుమ్మంలోంచే కేక వేస్తాడు. ఆ కేక వినగానే ఆవిడ తింటున్న కంచం ముందు నుంచి కూడా లేచిపోతుంది. "ఇవాళ వద్దు నాయనా" అన్న మాట ఆ నోట నేనెప్పుడూ వినలేదు.

పనిలో మాత్రం వంక పెట్టలేం. అడుగున పాత దుప్పటి, మధ్యలో వాడి వాడి మెత్తబడ్డ బట్టలు, పైన రంగు ముక్కల అతుకు. ముక్కల్ని ముందు నేలమీద పరిచి, దూరంగా నిలబడి, కళ్ళు చికిలించి చూస్తుంది. ఎరుపు పక్కన ఎరుపు పడకూడదు. పిల్లల బొంతలో నలుపు ఉండకూడదు. ఏదో ఒక మూల పసుపుపచ్చ ముక్క ఒకటి ఉండి తీరాలి. జ్వరంతో పడుకున్న పిల్లలు వెతుక్కోవడానికట. ఆ తర్వాత పొరలన్నీ కలిసేలా కుడి అంచున మొదలుపెట్టి ఎడమకు, వరస తర్వాత వరస కుడుతుంది. ప్రతి వరసకూ మొదట్లో వేసే ముడిని పొరల మధ్యకు లాగి దాచేస్తుంది. కంటికి కనిపించదు.

నేను ఈ పనిలోకి ఇష్టపడి రాలేదు. ఏడేళ్ళ క్రితం నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతబడింది. పధ్నాలుగేళ్ళ ఉద్యోగం. ఆ తర్వాత రెండు నెలలు గోడకేసి చూస్తూ కూచున్నాను. ఒకరోజు ఆవిడ సూదిలో దారం ఎక్కించి నా చేతిలో పెట్టింది. నాది ఎడమచేతివాటం. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోయి, రెండు నిమిషాలకే తల పట్టుకుంది. "ఎదురుగా కూచోవే. అద్దంలో చూసుకున్నట్టు నన్ను చూసి కుట్టు" అంది. అప్పట్నుంచీ ఆవిడ అటు, నేను ఇటు, మధ్యలో బొంత. నాకిచ్చింది ముక్కలు అతికే పని వరకే. పొరలు కలిపే కుట్టు మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

పోయిన ఏడు, అత్తయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన వేళ, పిల్లల వార్డు నర్సు మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఒక బొంత తీసి నా ముందు పెట్టింది. ఉతుకులో లోపలి బట్టలన్నీ ఒక మూలకు చేరి ముద్దకట్టాయి. పైన కుట్లు వరసగానే ఉన్నాయి. సూది అడుగు గుడ్డను అందుకోనేలేదు.

"ఇంకో మూడు కూడా ఇలాగే అయ్యాయమ్మా. పెద్దావిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీరే మెల్లిగా చెప్పండి" అంది నర్సు.

నేనూ చెప్పలేదు. ఆ చేతులు తప్పాయని తెలిస్తే మనిషి మంచం పడుతుందని నా భయం. బొంతను నా మంచం కిందికి, పెట్టెల వెనక్కి తోసేశాను.

ఆ రోజు నుంచి నాకు రెండో ఉద్యోగం. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే రెండు గంటలూ వంటగది తలుపు దగ్గరగా వేసుకుని, పొద్దున ఆవిడ కుట్టిన వరసల్లో అడుగుకు అందనివి విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. కుట్టడం కంటే విప్పడమే కష్టం. మెడ పట్టేసేది. "ఒక్క బొంతను ఇద్దరు రెండుసార్లు కుట్టడం ఎక్కడా చూళ్ళేదు" అని మా ఆయన నవ్వాడు. "అయితే మీ అమ్మకు మీరే చెప్పండి" అన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నిజం చెబుతున్నాను, నాకు రంగులు చూస్తేనే విసుగు పుట్టేది. పక్కగదిలో ఆవిడ దగ్గితే దొంగలా బొంత దాచేదాన్ని. ఎప్పుడు మానేస్తుందా అని ఎదురుచూసేదాన్ని. మానేస్తే ఏమైపోతుందో అని బెదిరేదాన్ని. ఏడాదంతా ఇలాగే గడిచింది.

ఈ ఏటి పన్నెండోది నిన్న పూర్తయింది. ఇవాళ భోజనాలయ్యాక ఆస్పత్రికి పంపే మూట కట్టడానికి కూచున్నాం, అలవాటు కొద్దీ ఎదురెదురుగా. మడిచే ముందు ఆవిడ ఒక్కో బొంత అంచునూ బొటనవేలితో నొక్కుకుంటూ పోయింది. ముందు కుడి అంచు, తర్వాత ఎడమ. నేను తాడు వెతుకుతున్నాను.

"నా ముళ్ళు కుడి అంచున ఉంటాయి" అంది తలెత్తకుండా. "మొదటి వాటిలో సగం ఎడమవైపుకొచ్చాయి. ఈ చివరి నాలుగింట్లో కుడివైపు ఒక్క ముడీ లేదు."

ఏడాది పాటు ఆవిడ కళ్ళకు కనపడకుండా జాగ్రత్తపడ్డాను. వేళ్ళ సంగతి మరిచిపోయాను.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటిదానికే. నీ మంచం కింద ఉన్నదీ చూశాలే. ఆ గది ఊడ్చేది నేనేగా."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"ఏం చెప్పను? రెండేళ్ళ నుంచీ మానేద్దామనే ఉంది. వేళ్ళు వంగడంలేదు. సూది ఎక్కడ దిగుతోందో కనపడదు. నేను మానేస్తే నువ్వు మళ్ళీ గోడ చూస్తూ కూచుంటావేమోనని భయం. మధ్యాహ్నాలు కూడా కుడుతున్నావంటే, దీనిమీదే ప్రాణం పెట్టుకున్నావనుకున్నా."

"మీరు నిద్రపోతున్నారనుకున్నాను."

"నిద్రెక్కడే? నువ్వు కుట్టుకోవాలి కదాని కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని."

నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలీలేదు. "నాకీ పనంటే చచ్చేంత విసుగు" అనేశాను. ఏడుపొచ్చింది.

"నాకూనూ" అంది.

కాసేపటికి, "ఆ మంచం కిందది ఇలా తే" అంది. లాగి దుమ్ము దులిపాను. విప్పి సరిచేద్దామని కత్తెర అందుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. అక్కడే చాపమీద వాలి, సగం తనమీద వేసుకుని, మిగతా సగం నాకోసం ఎత్తి పట్టుకుంది. పక్కన పడుకున్నాను. కాళ్ళ దగ్గర వట్టి గుడ్డ, బరువంతా భుజం మీద. పసుపుపచ్చ ముక్క సరిగ్గా నా మొహం ముందు ఉంది.

"ముద్దలు ఒత్తుకుంటున్నాయా?"

"ఒత్తుకుంటున్నాయి."

"ఉండనీ."

అప్పుడే గుమ్మంలో టైలరు గొంతు. "పెద్దమ్మగారూ, సంచి తెచ్చాను."

నేను లేవబోయాను. బొంత కింద ఆవిడ నా ఎడమచెయ్యి పట్టుకుంది. టైలరు మళ్ళీ పిలిచాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఆవిడ కళ్ళు తెరవలేదు, చెయ్యీ వదల్లేదు. ఇద్దరం పలకలేదు.